మెట్లదారి వదిలాక

ముప్పయ్యొక్క ఏళ్ళు
ఉదయగిరి డిపోలో తోలుసంచీ మోశాను.
టికెట్టు చించి ఇచ్చానంటే
దిగేదాకా ఆ మనిషి నా లెక్క.
ఫుట్‌బోర్డు మీద వేలాడే పిలకాయల్ని
చొక్కా పట్టి లోపలికి లాగిన చెయ్యి ఇది.
"మీ సామానుకు మీరే బాధ్యులు" అని
తలకాయల పైన రేకు మీద రాసుండేది.
మనుషులకు ఎవరో, ఎక్కడా రాసుండేది కాదు.

ఇప్పుడు సంచీ లేదు, జీతమూ లేదు.
ఆదివారం కోడికూత వేళకి
దుర్గం కొండకింద ఏడుగురు నిలబడతారు.
"పా, చెంచయ్య మామా" అంటారు.
మెట్లదారి మాకొద్దు.
మేకలు దిగే జాడ, వానకి తెగిన వంక,
కూలిన బురుజు వెనక బలుసు పొదలు,
కాలు తనకు తానే ఆలోచించుకోవాల్సిన చోటు.

లైన్‌మన్ మాలకొండయ్య
వారమంతా తీగని వేలితో అనుమానించేవాడు,
ఇక్కడ ఏ రాయినైనా అడక్కుండా వాటేసుకుంటాడు.
చెక్క గరిటెలు చేసే గౌసియా
నర్ది కొమ్మ కనపడితే చాలు ఆగిపోతాది,
లోపల గరిటె పడుకోనుందంటాది.

బీటు ఆఫీసరు ఒకసారి అడ్డం నిలబడ్డాడు.
"దారి వదిలి ఏంది, ఎర్రచందనమా?"
సంచులు విప్పి చూపించాం:
అటుకులు, నిమ్మకాయలు, తాడు, అయోడిన్ సీసా.
"పడితే నా పేరు చెప్పబాకండి" అన్నాడు.
అదే ఆయన ఇచ్చిన పర్మిషను.

పోయిన కార్తీకంలో, వానలు వెలిశాక,
ఇంటర్ చదివే ఇలియాజరు జారాడు.
నాచు మీద కాలు పెట్టబాక అని
నేను చెప్పానా?
చెప్పాననే అనుకుంటా.
చీలమండ పక్కకి తిరిగిపోయింది.
గౌసియా సంచిలో రెండు గరిటెలుంటే
వాటినే బద్దలుగా పెట్టి, నా తువ్వాలు చించి కట్టి,
నాలుగు గంటలు మోశాం.

ఆస్పత్రి వరండాలో వాళ్ళమ్మ తిట్టలేదు.
"ఎవరు తీసుకుపోయినారు?" అని
ఒక్కొక్కరినే వరసన అడిగింది.
నా దగ్గరికి వచ్చేసరికి
నా చెయ్యి లేని సంచీ కోసం తడుముకుంది.

వకీలు గుమాస్తా పర్వతాలు
కాగితం రాసిచ్చాడు:
"నా ఇష్టపూర్వకంగా వస్తున్నాను.
కాలు విరిగినా ప్రాణం పోయినా
తీసుకెళ్ళిన వారికి ఎలాంటి సంబంధం లేదు."
ఆరుగురూ సంతకాలు పెట్టారు.
గౌసియా రెండుసార్లు చదివి
"సంబంధం లేకుంటే నీ వెనక ఎందుకొస్తాం మామా?"
అని, పెన్ను గుచ్చిగుచ్చి పెట్టింది.

కాగితం జేబులో పెట్టుకుని ఎక్కితే
ప్రతి రాయీ బోనెక్కి నిలబడింది.
ఆగండి. వద్దు. చుట్టూ తిరిగి పోదాం.
మూడో వారానికి
అందరం మెట్ల మీదున్నాం,
ప్రార్థనకి పోయే బడి పిలకాయల్లా.
మాలకొండయ్య ఒక మెట్టు మీద కూలబడి
బీడీ ముట్టించుకుని అన్నాడు:
"మెట్లుంటే నువ్వెందుకయ్యా?"

నాకు జవాబు దొరకలేదు.
ఇప్పటికీ సగమే దొరికింది.
బస్సులో బెల్లుతాడు ఒక్కటే, అది నా చేతిలో.
కొండ మీద తాడు అందరి చేతుల్లో ఉంటాది,
ఒకడు జారితే
అన్ని అరచేతులూ కమిలిపోతాయి.
ఆ మంటకి ఏ కాగితం అడ్డం పెట్టేది?

ఈ ఆదివారం ఇలియాజరు వచ్చాడు, కాస్త కుంటుతా.
వెనకనే వాళ్ళమ్మ, టీ బంకు దాకా.
నాతో ఒక్క మాటా అనలేదు.
నేను సంతకం అడగలేదు.
వంక దగ్గర ఆపి
నాచు ఎక్కడుందో వాడికి చూపించాను.
నేను చూడని చోట ఇంకొంచెం ఉందని
వాడు చూపించాడు.
అక్కడ దాటొద్దన్నాను. దాటలేదు.
పైన ఇంకోచోట దాటొచ్చన్నాడు. దాటాం.

ఎనిమిదిమందిమి ఎక్కాం.
దిగాక, పాత అలవాటు,
తలకాయ తలకాయకీ వేలు చూపి లెక్కపెట్టాను.
ఏడు.
మళ్ళీ పెట్టాను.
ఏడే.
ఒళ్ళంతా చల్లబడిపోయింది.
కండక్టరు తన్ను తాను
ఎప్పుడు లెక్కలో వేసుకున్నాడు గనక?

టీ బంకు కాడ
వాళ్ళమ్మ అప్పటికే
ఎనిమిది గ్లాసులు చెప్పింది.